బార్ ముందు ఒక్క నిమిషం

వెయిట్‌లిఫ్టింగ్ పోటీలో పేరు పిలిచిన దగ్గర్నుంచి ఆటగాడికి ఉండేది ఒక్క నిమిషం. ఆ 60 సెకన్లలోపు బార్ నేలని వదలాలి. 30 సెకన్లు మిగిలాయనగా హెచ్చరిక మోగుతుంది. ఒకరే వరసగా రెండోసారి ఎత్తవలసి వస్తే రెండు నిమిషాలిస్తారు. స్నాచ్‌లో బార్ నేలమీంచి తలపైకి చేరడానికి పట్టే కాలం మాత్రం చాలా తక్కువ, మనం ఊపిరి పీల్చి వదిలేలోపు అయిపోతుంది. మిగతా కాలమంతా మనిషీ ఇనుమూ ఎదురెదురుగా ఉంటారు. చేతులకి సుద్ద రాసుకోవడం, నడుముకి బెల్టు బిగించుకోవడం, బార్ దగ్గరికి నడవడం, వంగి పట్టు చూసుకోవడం. ఈ పనులన్నిటి మధ్యా పెదాలు కదులుతూనే ఉంటాయి.

ఆ పెదాల కదలికే నన్ను ఎప్పుడూ పట్టి లాగింది. చిన్నప్పుడు బరంపురం కుస్తీ అఖాడాలో మట్టి తొక్కినవాణ్ణి. తరవాత ఇదే ఊళ్ళో డ్రిల్లు మాస్టారిగా పనిచేసి రిటైరయ్యాను. జిల్లా పోటీల్లో బల్ల దగ్గర కూర్చుని ఎత్తుల లెక్కలు రాశాను. అక్కణ్ణుంచి చూస్తే ఆటగాడి కండ కంటే మొహం బాగా కనిపిస్తుంది. గంజాం కుర్రాడు బార్ ముందు నిలబడి గొణుక్కునే ఆ నాలుగు మాటలూ ఎవరు నేర్పారు? ఈ రోజుల్లో దీనికి సెల్ఫ్ టాక్ అని పేరు పెట్టి స్పోర్ట్స్ సైకాలజీలో పాఠంగా చెబుతున్నారు. సంతోషమే. అయితే మా ప్రాంతంలో ఆ పాఠం పుస్తకాలు రాకముందే ఉంది. వస్తాదు శిష్యుడికి దండీలూ బస్కీలూ నేర్పినట్టే, బరువు ముందు నిలబడ్డప్పుడు లోపల ఏమనుకోవాలో కూడా నేర్పేవాడు. అది కసరత్తులో ఒక భాగం, దండీల లెక్కతో సమానం. కుస్తీ పట్ల గురించీ వస్తాదుల తిండి గురించీ చెప్పుకున్నంతగా ఈ సంగతి మనం చెప్పుకోలేదు. ఎలాగైనా చెప్పాలని నా ఆరాటం.

గంజాం అంటే ఇప్పుడు ఒడిశాలో ఒక జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఇది మద్రాసు రాజధానిలో ఉండేది. అప్పటి గంజాం జిల్లాలో బరంపురం, గుంసూరు, పర్లాకిమిడితో పాటు శ్రీకాకుళం, టెక్కలి కూడా కలిసే ఉండేవి. శ్రీకాకుళం వైపునుంచి వచ్చి బరంపురంలో స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో. మా తాతయ్యగారిది టెక్కలి వైపు. ఇక్కడి పట్టుచీరలు నేసే డేరా వాళ్ళు అంతకు ఎన్నో తరాల ముందు మహురి రాజుల కాలంలో వచ్చినవాళ్ళు. వి.వి.గిరి 1894లో పుట్టింది ఈ ఊళ్ళోనే. సంతలో తెలుగు, కచేరీలో ఇంగ్లీషు, గుళ్ళో ఒడియా. అఖాడాలో మాత్రం తెలుగూ ఒడియా రెండూ ఒకే మట్టిలో దొర్లేవి.

ఆ మట్టి సంగతి కాస్త చెప్పాలి. కుస్తీ గోదా అంటే ఊరికే తవ్విన గొయ్యి కాదు. మట్టిని జల్లించి, నూనె, పసుపు, మజ్జిగ కలిపి, తడిపి, తిరగేసి మెత్తన చేసేవారు. గోదా ఒడ్డున సిందూరం పూసిన ఆంజనేయస్వామి. పక్కన కర్రలోడీలు, గద, రాతి గుండ్లు, సంగిడీ. సంగిడీ అంటే పట్టుకోవడానికి లోపల పిడి తొలిచిన రాయి. ఒంటి చేత్తో భుజందాకా తెచ్చి, అక్కణ్ణుంచి తలపైకి లేపాలి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో సంక్రాంతికి, అమ్మవారి పండగలకి ఇప్పటికీ సంగిడీల పోటీలు పెడతారు. బస్తాలు ఎత్తే పోటీలూ ఉంటాయి. ఊరంతా చుట్టూ చేరి అరుస్తుంటే ఆ రాయి దగ్గర నిలబడ్డవాడికి ఏమీ వినపడకూడదు. వినపడితే ఎత్తలేడు. గోల మధ్యలో తనకొక్కడికే వినపడే మాట ఒకటి ఉండాలి. ఆ మాటని దగ్గరుండి ఇచ్చేవాడు వస్తాదు.

ఈ ప్రాంతంలో బలం అనగానే అందరి నోటా వచ్చే పేరు కోడి రామ్మూర్తినాయుడు. పుట్టింది 1882లో వీరఘట్టంలో. ఇప్పుడది పార్వతీపురం మన్యం జిల్లా. తల్లి చిన్నప్పుడే పోతే, పోలీసు శాఖలో ఉన్న చినతండ్రి దగ్గర విజయనగరంలో పెరిగాడు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, తను చదువుకున్న విజయనగరం బడికే వ్యాయామోపాధ్యాయుడిగా వచ్చాడు. అంటే ముందు ఆయన డ్రిల్లు మాస్టారు, తరవాతే కలియుగ భీముడు. ఈ మాట చెప్పుకునేటప్పుడు నాకు గర్వంగా ఉంటుంది. పొట్టి పంతులు అనే ఆయన ప్రోత్సాహంతో సర్కస్ కంపెనీ పెట్టాడు. 1900 నాటికి మద్రాసు-కలకత్తా రైలు మార్గం పడడంతో డేరాలూ ఏనుగులూ ఊరూరా దిగే రోజులవి. ఛాతీ చుట్టూ ఇనప గొలుసు కట్టించుకుని ఊపిరి పీల్చి తెంచడం, రెండు మోటారు కార్లను రెండు చేతులకి కట్టుకుని కదలకుండా ఆపడం, ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకోవడం. ఇవన్నీ ఆయన ప్రదర్శనలు. పూనాలో తిలక్ ఆయనకి మల్లమార్తాండ బిరుదు ఇచ్చారనీ, ఇంగ్లండులో ఇండియన్ హెర్క్యులిస్ అన్నారనీ చెప్పుకుంటారు. మా ఇళ్ళల్లో ఎవడైనా కుర్రాడు బియ్యం బస్తా మోస్తానని ముందుకొస్తే, "పెద్ద కోడి రామ్మూర్తివేట్రా" అనేవారు. అలా ఆయన మా మాటల్లో మిగిలిపోయాడు.

ఆయన ఎంత బరువు మోశాడన్నదానికంటే, ఎలా మోశానని చెప్పుకున్నాడన్నది నాకు ముఖ్యం. వాయుస్తంభన, జలస్తంభన అన్న యోగవిద్యలు తనకు పట్టుబడ్డాయని ఆయన ప్రదర్శనల్లో చూపించేవాడు. మొదట ఊపిరి, తరవాత మనసు, ఆ పైన కండ. అదే వరస. మన్యం నుంచి కలకత్తా దాకా ఆయనని చూసి కసరత్తు మొదలుపెట్టిన కుర్రాళ్ళు ఈ వరసనే పట్టుకెళ్ళారు. ఇప్పటి శరీరశాస్త్రంతో చూసినా ఆ మాట నిలుస్తుంది. నిండా గాలి పీల్చి గొంతు మూసి పొట్ట బిగబడితే లోపలి ఒత్తిడి పెరిగి వెన్నెముక నిటారుగా, గట్టిగా నిలుస్తుంది. ఈనాటి లిఫ్టర్ ప్రతి ఎత్తుకీ చేసేది అదే. బెల్టు కట్టేది ఆ ఒత్తిడికి ఎదురు నిలిచే ఆసరా కోసమే. మా అఖాడాలో దీన్ని దమ్ము కట్టడం అనేవాళ్ళం. దమ్ము కట్టిన మనిషి మాట్లాడలేడు. కాబట్టి అనుకోవలసింది ఏదైనా ఉంటే దమ్ము కట్టకముందే అనేసుకోవాలి. ఎత్తే ముందు మాటకి ఒక వేళ, ఒక కొలత ఏర్పడింది అందుకే. పెదాలు ముందు కదిలి, తరవాత మూసుకుంటాయి. బల్ల దగ్గర కూర్చుని నేను అదే చూసేవాణ్ణి. మూసుకున్న తరవాత కూడా కదులుతున్నాయంటే ఆ ఎత్తు పోయినట్టేనని లెక్క రాసేవాళ్ళందరికీ తెలుసు.

రామ్మూర్తి కాలంలోనే యూజెన్ శాండో 1904-05లో మన దేశంలో తిరిగాడు. మన చేతుల్లేని బనియనుకి సాండో బనియనని పేరు వచ్చింది ఆయన వల్లేనంటారు. శాండో కూడా, డంబెల్ ఎత్తేటప్పుడు మనసు ఆ కండ మీద పెట్టకపోతే లాభం లేదని తన శిష్యులకి చెప్పేవాడు. అద్దం ముందు నిలబడి చెయ్యమనేవాడు. మా అఖాడాల్లో అద్దం ఉండేది కాదు, ఆంజనేయుడి విగ్రహం ఉండేది. తనని తాను చూసుకుంటూ బిగించడం ఒక పద్ధతి. తనకంటే పెద్దవాణ్ణి చూస్తూ బిగించడం ఇంకో పద్ధతి. రెంటిలో ఏది మేలని నన్నడిగితే, పన్నెండేళ్ళ కుర్రాడికి రెండోదే మేలంటాను. ఆ వయసులో అద్దంలో కనిపించేది సన్నటి చేతులే.

రామ్మూర్తికి చివరి రోజుల్లో కాలికి పుండు పడి, కాలు తీసేయవలసి వచ్చింది. మత్తుమందు లేకుండా, ప్రాణాయామం మీద మనసు నిలిపి ఆ ఆపరేషన్ చేయించుకున్నాడని చెబుతారు. 1942 జనవరి 16న పాట్నా సంస్థానపు బలంగీర్‌లో పోయాడు. పుట్టింది తెలుగునేల, మట్టిలో కలిసింది ఒడియా నేల. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. విశాఖ బీచి రోడ్డులో విగ్రహం నిలబెట్టారు. ఆయన ఊపిరీ మనసూ గురించి చెప్పినదాన్ని మాత్రం ఏ ఆటల బళ్ళోనైనా పాఠంగా పెట్టాలని నా కోరిక.

గంజాంలో మనసు బిగించే సాధన అఖాడాలకే పరిమితం కాదు. చైత్రమాసంలో దండనాట చూడని గంజాం మనిషి ఉండడు. మేష సంక్రాంతికి ముందు 13 రోజులో, 21 రోజులో వ్రతం పట్టిన దండువాలు ఇల్లు విడిచి ఊరూరా తిరుగుతారు. మిట్టమధ్యాహ్నం కాలిన నేల మీద దొర్లేది ధూళిదండ. చెరువులో చేసేది పాణిదండ. వాళ్ళలో కూలివాళ్ళు, రైతులు, దుకాణదారులు అందరూ ఉంటారు. ఏడాది పొడుగునా సాధన చేసే ఆటగాళ్ళు కారు. అయినా ఏప్రిల్ ఎండలో ఆ నేల మీద వీపు ఆనిస్తారు. ఆనించేముందు రుద్రుణ్ణి శరణు వేడుతూ అందరూ ఒక్క కేక వేస్తారు. ఆ కేక వినకపోతే దండనాటని సగం చూసినట్టే. గుంపుగా మొదలైన ఆ కేకని ఎవరికి వాళ్ళు లోపల తిప్పుకుంటూ పడుకుంటారు. ఒక దండువాని నేను అడిగితే, కాలుతున్నదని అనుకునే తీరిక ఉండదు మాస్టారూ, నోట్లో పేరు ఆడుతూ ఉంటుంది అన్నాడు. ఏకాగ్రత గురించి పెద్ద పెద్ద పుస్తకాలు చదివినా అంతకంటే సూటిగా చెప్పిన మాట నాకు దొరకలేదు. మనసులో చోటు కొంచెమే. అందులో పేరు పెట్టుకుంటే నొప్పికి అంత మేరా చోటు తగ్గుతుంది.

తెలుగువాళ్ళకి ఏకాగ్రత అనగానే అవధానం గుర్తొస్తుంది. అష్టావధాని ఒక పక్క నిషేధాక్షరి చెబుతూ, ఇంకో పక్క సమస్య పూరిస్తూ, గంట ఎన్నిసార్లు మోగిందో లెక్కపెడుతూ, చదరంగంలో ఎత్తు కూడా వేస్తాడు. మనసుని ఎనిమిది వైపులా పరిచి ఒక్కదాన్నీ జారనివ్వని విద్య అది. బార్ ముందు నిలబడ్డవాడికి కావలసింది దానికి ఎదురు దిక్కున ఉంది. చుట్టూ మోగే గంట వినపడకపోవాలి. పృచ్ఛకులు ఎనిమిదిమంది ఉన్నా, పలకవలసింది ఒక్కరికే. అందుకే అవధానంలా ఇది సభలో చూపించేదీ మెచ్చుకునేదీ కాలేదు. గురువు చెవిలో చెప్పి శిష్యుడి పెదాల మీద ఆగిపోయింది.

మా వస్తాదు పద్ధతి నాకు కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. ఆయన మాటతీరు శ్రీకాకుళం వైపుది. తెల్లారకముందే గోదా దగ్గర గొంతుక్కూర్చునేవారు. మేం దండీలు తీస్తుంటే ఆయనే లెక్క పెట్టేవారు. లెక్క ఒకటితో మొదలయ్యేది కాదు. కళ్ళంలో ధాన్యం కొలిచేవాడిలా "లాభం" అని మొదలెట్టి, "రెండు, మూడు" అని సాగేది. ఆఖరి పదీ మాత్రం ఆయన నోరు మెదిపేవారు కారు. మమ్మల్నే లెక్కపెట్టుకోమనేవారు, అది కూడా బయటికి వినపడకుండా. ఎవరి పెదాలు కదలకపోతే వాణ్ణి కర్రతో వీపు మీద మెల్లగా తట్టేవారు. అప్పుడది క్రమశిక్షణ అనుకున్నాం. ఇప్పుడు తిరిగి చూసుకుంటే తెలుస్తోంది. బయట ఉన్న ఆయన గొంతుని మా లోపలికి దింపుతున్నారు.

మాలో ఒక కుర్రాడు ఉండేవాడు. మంచి కండ, కాని సంగిడీ భుజం దాటేసరికి మోచెయ్యి వణికి రాయి వదిలేసేవాడు. ఓ పొద్దున వస్తాదు వాణ్ణి పక్కకి పిలిచారు.

"ఎత్తినప్పుడు మనసులో ఏటనుకుంతన్నావురా?"

"పడిపోకూడదు, పడిపోకూడదు అనుకుంటున్నాను గురువుగారూ."

"పడిపోడం నీకెవుడు గుర్తుసేసాడు? దాని పేరు నువ్వే పిలుస్తన్నావు, అదే వస్తంది. 'నిలు' అను. అంతే. రెండో మాటొద్దు."

ఆ పూట రాయి నిలవలేదు. మర్నాడూ నిలవలేదు. వస్తాదు మాట మార్చలేదు. రాయి మార్చారు, తేలికది ఇచ్చి అదే మాట అనిపించారు. తేలిక రాయి మీద ఆ మాట అలవాటయ్యాక పాత రాయి చేతికిచ్చారు. అప్పుడు నిలిచింది. ఇందులో నాకు గొప్పగా తోచేది ఆ వరసే. మాటని కూడా బరువులాగే మెల్లమెల్లగా పెంచాలని, పోటీ రోజున కొత్తమాట నోట్లో పెట్టుకుంటే పనికిరాదని ఆయనకి తెలుసు. 1987లో అమెరికాలో డేనియల్ వెగ్నర్ అనే ఆయన, తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని మనుషులకి చెప్పి చూశాడు. వద్దన్నకొద్దీ వాళ్ళకి అదే తలపుకొచ్చింది. మా వస్తాదు ఆ ప్రయోగం గురించి వినే అవకాశం లేదు. అయినా దీపం ఆరిందని అనకుండా కొండెక్కిందనే ఇంట్లో, గడప దాటేటప్పుడు వెళ్తానని కాక వెళ్ళొస్తానని చెప్పే ఇంట్లో పుట్టినవాడికి చెడుమాట నోట్లో ఆడనివ్వకూడదన్నది ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ ఇంటి అలవాటునే ఆయన రాయి దగ్గరికి తెచ్చారు.

కుర్రాళ్ళు అనుకునే మాటలు కాలంతో ఎలా మారాయో కూడా చెప్పాలి. నా చిన్నప్పుడు చాలావరకు దేవుడి పేరే. తెలుగు పిల్లలు ఆంజనేయా అనేవారు, ఒడియా పిల్లలు జయ్ బజరంగబలీ అనేవారు, కొద్దిరోజులకి ఎవరిది ఎవరిదో తెలియకుండా కలిసిపోయేవి. ఇనప బార్లు వచ్చి, స్నాచ్, క్లీన్ అండ్ జర్క్ నేర్చుకోవడం మొదలయ్యాక దేవుడి పేరు పక్కన పని మాటలు చేరాయి. "నడుం", "దగ్గర", "కిందికి", "మోచెయ్యి". బార్ ఒంటికి దగ్గరగా రావాలని "దగ్గర". బార్ పైకి వెళ్తుండగానే తను కిందికి దిగి దాని కింద కూర్చోవాలని "కిందికి". ఒడియాలో "ఉఠ్" అని ఒక్క అరుపు, లేచేటప్పుడు. ఒకే కుర్రాడు మొదటి సగం తెలుగులోనూ చివరి అరుపు ఒడియాలోనూ అనడం నేను ఎన్నోసార్లు విన్నాను. ఇంట్లో అమ్మ భాష మెలకువలకి, వీధి భాష తెగువకి అన్నట్టు.

2011లో గ్రీసు దేశపు పరిశోధకుడు ఆంటోనిస్ హాడ్జియోర్జియాడిస్, ఆయన తోటివాళ్ళూ కలిసి అప్పటిదాకా వచ్చిన 32 అధ్యయనాలని ఒకచోట పెట్టి చూశారు. తనతో తాను మాట్లాడుకోవడం ఆటకి మేలు చేస్తుందని, ఆ మేలు ఓ మోస్తరుగా ఉంటుందని తేల్చారు. సన్నటి నైపుణ్యం కావలసిన పనుల్లో ఎక్కువ, ముందే సాధన చేసిన మాటలతో ఎక్కువ. పని మాటలు ఒక రకం, ఊపునిచ్చే మాటలు ఇంకో రకం అని వాళ్ళు విడదీశారు. స్నాచ్ లాంటి ఎత్తుకి రెండూ కావాలని నా నమ్మకం. ముందు మెలకువ, వెంటనే తెగువ. వరస తారుమారైతే బార్ ముందుకో వెనక్కో వెళ్ళిపోతుంది. ముందే తెగించినవాడు తొందరపడి లాగేస్తాడు. దీన్ని నేను ఏ ప్రయోగశాలలోనూ తూచలేదు. కాని లెక్కలు రాసిన బల్ల దగ్గర చూసిందిదే.

రష్యాలో వైగోత్‌స్కీ అనే ఆయన ఇలా బయటి గొంతు లోపలికి దిగడం గురించి రాసిన పుస్తకం 1934లో వచ్చింది. పిల్లలు ముందు పెద్దల మాట వింటారు, తరవాత అదే మాటని బయటికే తమతో తాము అనుకుంటారు, చివరికి అది లోపలికి ఇంకి ఆలోచన అవుతుంది అన్నాడు. రామాయణం తెలిసినవాళ్ళకి ఈ సంగతి కొత్తగా ఉండదు. సముద్రపు ఒడ్డున వానరులందరూ దిగాలుపడి కూర్చుంటే, హనుమంతుడు ఓ పక్కన ఊరుకుని ఉంటాడు. జాంబవంతుడు దగ్గరికి వెళ్ళి, నువ్వెవరివో, పసితనంలో ఎక్కడికి ఎగిరావో, నీ బలమెంతో చెబుతాడు. విన్నకొద్దీ హనుమంతుడు పెరుగుతాడు. ఆ తరవాత తన నోటితోనే తన బలం చెప్పుకుని కొండ ఎక్కుతాడు. ముందు పెద్దవాడి మాట, పిమ్మట తన మాట, ఆపైన లంఘనం. గోదా ఒడ్డున ఆంజనేయుణ్ణి పెట్టుకున్న వస్తాదులు తమని తాము జాంబవంతుడి చోట నిలుపుకున్నారు. శిష్యుడు హనుమంతుడు. ఇది నేను ఊహించి చెబుతున్న మాట కాదు. మా వస్తాదు ఏటా హనుమజ్జయంతి నాడు మాచేత ఆ ఘట్టమే చెప్పించేవారు. ఒకడు జాంబవంతుడు, ఇంకొకడు హనుమంతుడు. ఏడాదికోసారి పాత్రలు మారేవి.

పాత గంజాం నేల మీది నుంచి ఒలింపిక్ వేదిక దాకా వెళ్ళిన మనిషి కరణం మల్లీశ్వరి. ఊరు ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. 1936కి ముందు పటంలో అదీ గంజాం జిల్లాయే. నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర నేర్చుకుంది. 1994, 1995 ప్రపంచ పోటీల్లో గెలిచింది. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల విభాగంలో నిలబడింది. ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లో చేరింది ఆ ఏడాదే. స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జర్క్‌లో 130. మొత్తం 240. చైనా అమ్మాయి లిన్ వైనింగ్, హంగరీ అమ్మాయి మార్కుష్ ఇద్దరివీ 242.5. ఒక ఎత్తు మిగిలి ఉంది. 132.5 అడిగితే వాళ్ళతో సమానం. మల్లీశ్వరి 137.5 అడిగింది. అది నిలిచి ఉంటే 247.5తో బంగారం ఎవరి లెక్కతో పనిలేకుండా ఆమెదే. అంతకుముందు ఎత్తుకంటే ఏడున్నర కిలోలు ఒక్కసారిగా. నిలవలేదు. కంచుతో దేశానికి ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి ఆడమనిషి అయింది.

ఆ 137.5 ముందు ఆమె మనసులో ఏమనుకుందో ఆమెకే తెలుసు. నేను దాన్ని ఊహించి రాయను. కాని ఆ బరువు అడిగిన తీరులోనే మాట ఉంది. చేతికందేది పట్టుకుందాం అన్న మాట ఆ అమ్మాయి లోపల లేదు. దాన్ని లెక్క తప్పిందనే వాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. మా ప్రాంతపు అఖాడాలో పెరిగిన ఎవరికైనా అది తెలిసిన గుండె చప్పుడే. ఆ రోజు టీవీ ముందు కూర్చున్న నా తరం వాళ్ళకి గొంతు పూడుకుపోయింది పతకం వచ్చినందుకు ఒక్కటే కాదు, ఆ ఎత్తు అడిగినందుకు.

బరంపురం నుంచి అదే దారిలో వెళ్ళినవాడు కాటులు రవికుమార్. మొదట బాడీ బిల్డింగ్ చేసి, తరవాత లిఫ్టింగ్‌కి వచ్చాడు. వీర హనుమాన్ క్లబ్ మట్టి తొక్కినవాడు. క్లబ్ పేరులోనే ఆంజనేయుడున్నాడు చూడండి. 2010 అక్టోబరులో ఢిల్లీ కామన్వెల్త్ పోటీల్లో 69 కిలోల విభాగంలో 146, 175 ఎత్తి 321 కిలోలతో బంగారు పతకం తెచ్చాడు. 2012లో లండన్ ఒలింపిక్స్‌కి వెళ్ళాడు. 2014లో గ్లాస్గోలో 77 కిలోల విభాగంలో 317తో వెండి. బాడీ బిల్డింగ్ నుంచి లిఫ్టింగ్‌కి రావడం చిన్న మార్పు కాదు. అక్కడ కండని చూపించాలి, ఇక్కడ కండని మరిచిపోయి బార్ దారిని చూడాలి. లోపలి మాట పూర్తిగా మారాలి. ఢిల్లీ పతకం తరవాత మా ఊరి వీధుల్లో పిల్లలు ఇంటి ముందున్న గాబురాళ్ళు, సిమెంటు దిమ్మలు పట్టుకుని ఎత్తడం నేను చూశాను. వాళ్ళ పెదాలు కదలడం కూడా.

ఇప్పటి జిమ్‌లలో పిల్లలు చెవుల్లో పాటలు పెట్టుకుని బరువులెత్తుతున్నారు. పాట ఊపునిస్తుంది, కాదనను. అది వేరేవాళ్ళ గొంతు. పోటీ వేదిక మీద దాన్ని తీసేయాలి. తీసేసిన ఆ నిమిషంలో లోపల ఏమీ లేకపోతే ఆ పిల్లవాడు ఒంటరివాడైపోతాడు. మా దగ్గరికొచ్చే పిల్లలకి నేను చెప్పేది చిన్న పని. రోజూ ఆఖరి ఎత్తు పాట లేకుండా ఎత్తమంటాను. ఎత్తేముందు ఏమనుకున్నారో ఎత్తాక చీటీ మీద రాయమంటాను. మొదట్లో చీటీల నిండా భయాలే వస్తాయి. మోకాలు నొప్పి, నాన్న చూస్తున్నాడు, నిన్న పోయింది. నెలలు గడిచేకొద్దీ మాటలు తగ్గి, రెండో మూడో మిగులుతాయి. ఒక ఆటో డ్రైవర్ గారి అమ్మాయి చీటీలో చివరికి మిగిలింది "దగ్గర, అమ్మా, ఉఠ్" అన్న మూడు మాటలు. ఒకటి పని, ఒకటి మనిషి, ఒకటి తెగువ. ఎవరూ చెప్పకుండానే ముందు మెలకువ, ఆఖర్న తెగువ అన్న వరస తనే పట్టుకుంది.

బరంపురం, ఛత్రపురం, ఇటు ఇచ్ఛాపురం, టెక్కలి, ఆమదాలవలస. ఈ ఊళ్ళన్నిటిలో ఎనభై దాటిన వస్తాదులు ఇంకా కొందరున్నారు. వాళ్ళు ఎత్తిన బరువుల సంగతి అడిగేవాళ్ళు చాలామందే వస్తుంటారు. నేను వెళ్ళి అడుగుతున్నది ఇంకోటి. మీ గురువుగారు మీ చెవిలో ఏం చెప్పారు? మీరు మీ శిష్యుడికి ఏం చెప్పారు? ఏ ఎత్తుకి ఏ మాట? కోచింగ్ నేర్పే సంస్థలు ఈ పని తలపెట్టి, తెలుగులోనూ ఒడియాలోనూ ఈ మాటల్ని వాళ్ళ గొంతుల్లోనే రికార్డు చేయిస్తే, పటియాలాలో శిక్షణ తీసుకునే కుర్ర కోచ్‌కి అవి పరదేశపు పాఠాల పక్కన నిలబడతాయి. మా వీధి చివర ఉన్న వస్తాదు గారు వచ్చే ఆదివారం పొద్దున్నే రమ్మన్నారు. ఆయనకి వినికిడి తగ్గింది, మాట మాత్రం గట్టిగానే ఉంది. మనవణ్ణి ఫోను పట్టుకుని నాతో రమ్మన్నాను.